కాగితం మాడకముందే

మెక్సికోలోని వెరాక్రూస్ రేవులో ఎర్రగా వెలిగే నియాన్ బోర్డులన్నీ ఒకప్పుడు ఫెర్మిన్ చేతిమీదుగా పుట్టినవే. గాజు గొట్టాన్ని మంటలో మెత్తబరిచి, నోటితో ఊదుతూ అక్షరాలుగా వంచేవాడు. అతని కూతురి జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డది నేనే. అప్పటినుంచి ఒకరినొకరం 'కొంపాద్రె' అని పిలుచుకునేవాళ్ళం.

కాన్వెంటులో సిస్టర్ రెఫూహియో నా బుర్రకెక్కించిన ఒకే ఒక్క నిజం అతనికి చెప్పాను.

"నియాన్ పరమాణువు బయటి వరుసలో ఎనిమిది కుర్చీలు. ఎనిమిదింట్లోనూ ఎలక్ట్రాన్లు కూర్చునే ఉంటాయి. దానికి ఎవరితోనూ పనిలేదు. ఆక్సిజన్‌కు రెండు ఖాళీ, క్లోరిన్‌కు ఒకటి. అందుకే అవి కనబడ్డవాళ్ళ మీద పడి లాక్కుంటాయి."

"మరి నియాన్ ఎట్లా వెలుగుతుంది?"

"కరెంటు తోస్తే ఎలక్ట్రాన్ కాస్త లేస్తుంది. మళ్ళీ కూర్చునేటప్పుడు వెలుగు చిమ్ముతుంది. కుర్చీ మాత్రం వదలదు."

"మా అత్తగారూ అంతేలే. లేచినట్టే లేచి మా ఇంట్లోనే కూలబడుతుంది."

తర్వాత ప్లాస్టిక్ దీపాలొచ్చాయి. ఫెర్మిన్ కళ్ళకు శుక్లాలొచ్చాయి. కొట్లో ఒక్క బుడ్డి నియాన్ మిగిలింది. అప్పుడు డాన్సుహాలు యజమానురాలు దోన్యా ఓర్తెన్సియా తన హాలుకు బోర్డు చెయ్యమని చివరి అవకాశమిచ్చింది.

"కార్నివాల్ అయ్యేదాకా వెలిగితే నీ బోర్డే ఉంచుతా. ఆరిందా, ప్లాస్టిక్కే. తర్వాత ఏడవకు."

నియాన్ నింపేముందు గొట్టంలో గాలి లాగేసి, పెద్ద కరెంటుతో గాజును కాల్చాలి. లోపలి గోడకు అంటుకున్న తేమ, ఆక్సిజన్ అప్పుడే వదులుతాయి. గాజు చాలినంత కాలిందో లేదో తెలియడానికి పైన వార్తాపత్రిక కాగితం ముక్క పెడతారు. అది బాగా మాడాలి. ఆ ముక్కను చూడడం ఇప్పుడు నా పని.

"ఏ రంగు, కొంపాద్రె?"

"పసుపు."

"ఇంకా కాలనీ."

గుమ్మంలో ఓర్తెన్సియా విసనకర్ర టపటపలాడించింది. "ముసలాళ్ళిద్దరూ రొట్టెలు కాలుస్తున్నారా? బ్యాండువాళ్ళు వచ్చేశారు!"

"ఏ రంగు?"

ఇంకా పసుపే. నా కోతలు ఊరందరికీ తెలుసు. రేవులో ఆక్టోపస్‌తో డామినోలు ఆడానని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను, ఒక్కడూ నమ్మలేదు.

"మాడింది," అన్నాను.

ఫెర్మిన్ నమ్మాడు. గొట్టం చల్లారాక ఆ చివరి బుడ్డి తెరిచాడు.

మూడు రోజులు బోర్డు దానిమ్మగింజలా వెలిగింది. నాలుగో రోజు చివరలు పాలిపోయాయి. గాజులోంచి ఊరిన ఆక్సిజన్, గొట్టం రెండు కొసల్లో కరెంటు అందించే లోహాన్ని కొరుక్కు తినసాగింది. కార్నివాల్ ఊరేగింపు వీధి మలుపు తిరిగేసరికి బోర్డు రెండుసార్లు వణికి ఆరిపోయింది. మర్నాడే ప్లాస్టిక్ దీపాలు బిగించారు.

ఫెర్మిన్ ఆ చల్లటి గొట్టాన్ని ఒడిలో పెట్టుకుని వేళ్ళతో తడుముతూ అడిగాడు.

"నిజం చెప్పు. కాగితం మాడిందా ఆ రోజు?"

"మాడింది, కొంపాద్రె. బొగ్గులా."

"అయితే పొరపాటు నా చేతిదే," అని మంట కట్టేశాడు.

మళ్ళీ వెలిగించలేదు. నవంబరులో పోయాడు. శవపేటికలో ఆ చేతులు రెండూ ఛాతీమీద ముడిచి పెట్టారు. నేను పక్కనే నిలబడ్డాను, అప్పుడూ చెప్పలేదు.