కల్లాల దగ్గరి రోడ్డు

2003 జనవరిలో దర్శి వైపు ఒక రోడ్ల సబ్ డివిజన్‌లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా, మా వాడుకలో డి.ఇ.గా, చేరాను. అంతకుముందు పంతొమ్మిదేళ్లు రోడ్లు వేయించాను గాని, రోడ్డు ఎలా ఉండాలో ఊరివాళ్లను అడగమని ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాది చెప్పారు. ప్రమాదాలు ఎక్కువగా జరిగే నాలుగు కిలోమీటర్ల ముక్కకు సభ పెట్టి, జనం మాట విన్నాకే ఎస్టిమేటు పంపాలని ఉత్తర్వు.

నా కింద అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏ.ఇ., మస్తాన్‌వలీ. ఉద్యోగానికి వచ్చి మూడేళ్లు. సభకు ముందు వారం రోజులు అతను మిరప కోతల కూలీలతో కలిసి ఆ రోడ్డు మీద నడిచాడు. నేను పోలీసు రికార్డు తెప్పించుకుని, ప్రమాదాలన్నీ ఒక వంపు దగ్గరేనని చూసి, వంపు సరిచేసే డ్రాయింగు గీయించాను.

సభలో నేను డ్రాయింగు వివరిస్తే అందరూ తలలూపారు. అప్పుడు వలీ లేచి, "కోటమ్మక్కా, మొన్న నాకు చెప్పింది సారుగారికీ చెప్పు" అన్నాడు. మిరప కోతలకు వెళ్లే మనిషి ఆమె.

"వంపు కాడ ఎవురూ సావలేదండి. పోలీసోళ్లకి కాయితంలో రాసుకోటానికి ఆ వంపే గుర్తు. జనం పోయింది ఇవతల కల్లాల కాడ. రోడ్డు పక్క మార్జిను నిండా మిరక్కాయలు ఆరబోస్తారు. ఆటో దిగితే మేం నిలబడేది తారు మీదే గదండీ."

ఆ తర్వాత అందరికీ మాటలొచ్చాయి. "వలీబాబూ, ఇది రాసుకో", "వలీబాబూ, అది మర్చిపోయావు" అంటూ అతని చుట్టూ మూగారు. నాకు కుర్చీ వేసి, సోడా ఇచ్చి వదిలేశారు. అన్నేళ్ల సర్వీసులో నన్ను ఏ ఊళ్లోనూ ఎవరూ పేరుతో పిలవలేదు.

మర్నాడే అతను కొత్త ప్లాను తెచ్చాడు: ఆటోలు ఆగడానికి పక్కన వేరే జాగా, నడవడానికి గట్టి మార్జిను, కాయలు ఎండబెట్టుకోవడానికి పంచాయతీ స్థలం. తప్పు కోసం వెతికాను. దొరకలేదు. అయినా "కొలతలు మళ్లీ సరిచూడాలి" అని రాసి ఫైలు బల్ల మీదే ఉంచుకున్నాను. పై ఆఫీసులో అతని పేరు వినబడటం నాకు ఇష్టం లేదు. వేరే కారణం ఏదీ లేదు.

మూడో వారంలో కల్లాల దగ్గర ఆటో దిగుతున్న కోటమ్మను లారీ కొట్టింది. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. నేనూ వలీ ఆసుపత్రికి వెళ్తే ఆమె అడిగింది ఒక్కటే.

"మా రోడ్డు కాయితం పైకి పోయిందాండీ?"

పోలేదని చెప్పాను. వలీ నా వైపు చూడలేదు.

ఆ రోజే ప్లాను అతని పేరుతోనే పంపాను. ముందే పంపినా మూడు వారాల్లో పని జరిగేది కాదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కాని మార్జిను మీద కాయలు తీయించడానికి ఎస్టిమేటు అక్కర్లేదు, పంచాయతీకి నా సంతకంతో ఒక ఉత్తరం చాలు. ఆ ఉత్తరాన్ని వలీ మొదటి రోజే రాసి అదే ఫైల్లో పెట్టాడు.

మరుసటి కోతల నాటికి పని పూర్తయింది.

కింది ఉద్యోగి తెచ్చిన కాగితంలో తప్పు దొరక్కపోతే ఆ రోజే సంతకం పెట్టాలి. రిటైరయ్యేదాకా అలాగే పెట్టాను. అసూయ కలగడం మాత్రం మానలేదు.