మా పాపను ఏడిపించిన టీచరమ్మ

జాలరిపేట బాలవాడీ టీచరమ్మ పోయారు. మొన్న పొద్దున్న మాకు చేపలు తెచ్చే ఆవిడ గంప దించుతూనే చెప్పింది, "టీచరమ్మ ఎల్లిపోనాదమ్మా" అని. ఈ చేపలావిడ పిల్లలూ ఆ బాలవాడీలోనే పెరిగారు. ఆ పూట బేరమాడలేదు, ఇద్దరం గడప మీద కూర్చుని ఏడ్చాం.

నాకు పోర్టులో టైపిస్టు ఉద్యోగం వచ్చేనాటికి పాపకు ఏడో నెల. ఆనందపురంలో మా అమ్మ దగ్గర వదిలాను. నెలకోసారి వెళ్ళేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు అమ్మ దానికి పెరట్లో కోడిపిల్లల్ని చూపిస్తుంటే, నేను వీధి వైపునుంచి జారుకునేదాన్ని. చూస్తే ఏడుస్తుందని. మా వైపు అందరూ చేసే పనే అది.

రెండేళ్ళు నిండాక తెచ్చుకుని బాలవాడీలో చేర్చాను. పాప ఏడవలేదు. ఎవరు చేయి చాపినా వెళ్ళిపోయేది. పడి మోకాలు చీరుకున్నా నా వైపు చూసేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అని వాడంతా మెచ్చుకుంటే మురిసిపోయాను. అంత తెలివి నాది.

వారం రోజులు చూసి టీచరమ్మ నన్ను పక్కకు పిలిచారు.

"ఏడ్సే పిల్లలకి నాను బయపడనమ్మా. ఇది నీకోసం సూడ్డం మానీసింది. ఎప్పుడైనా దానికి సెప్పి ఎల్లావా?"

నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం మానమంటారా అన్నాను.

"మానీమని ఎవులన్నారు? మొకం సూసి సెప్పి ఎల్లు. సెప్పిన యేలకి రా."

ఆవిడ ఏ పిల్లనూ వెనకనుంచి ఎత్తుకోరు. ముందుకొచ్చి, కనబడి, అప్పుడు చేతులు చాపుతారు. నన్నూ అలాగే రోజూ పాప ముందు గొంతుక్కూర్చోబెట్టేవారు. "ఉప్మా తిని, పడుకుని లేచాక అమ్మ వస్తుంది" అని చెప్పేదాన్ని. పాప అటు తిరిగి ఆడుకునేది. ఒకసారి బస్సు దొరక్క ఆలస్యమైతే, టీచరమ్మ మెట్ల మీద దానితోపాటే కూర్చుని ఉన్నారు. సంజాయిషీ మొదలుపెట్టాను.

"నాకు కాదు. దానికి సెప్పు."

చెప్పాను. ఆఫీసు స్నేహితురాళ్ళు సినిమాకు పిలిచినా వెళ్ళలేదు. ఆ తరవాత నాలుగు నెలలు ఒక్క సాయంత్రం మాట తప్పలేదు. పాప మారలేదు. "ఇంకేటి సెయ్యాలని అడక్కు, ఇదే సెయ్యి" అనేవారు.

ఒక వానపొద్దున్న, వెళ్ళొస్తానని లేవబోతే పాప నా కుచ్చిళ్ళు పట్టుకుంది. వదల్లేదు. అమ్మా అని వాడంతా వినబడేలా ఏడ్చింది. నేను మళ్ళీ కూర్చోబోయాను. టీచరమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

"ఎల్లు తల్లీ, బస్సెల్లిపోద్ది. ఏడవనీ. దానికిప్పుడు అమ్మున్నాది."

సందు చివర ఆగి వెనక్కి చూశాను. గుమ్మంలో టీచరమ్మ, ఆవిడ చంకలో పాప, రెండు చేతులూ నా వైపు చాపి.