గెనెక్ పులుపు చారు

ఆదివారం జర్మనీలో లారీలు కదలకూడదు కాబట్టి పోలండు డ్రైవర్లు ఆగిన చోటే పొయ్యి వెలిగిస్తారు. గెనెక్ కూడా క్యాబిన్‌లో గ్యాస్ పొయ్యి మీద చారు వెచ్చబెట్టాడు. రై అనే గోధుమలాంటి గింజల పిండి పులియబెట్టి పెళ్లాం ఉర్షూలా కాచి, సీసాల్లో పోసి పంపిన చారు అది. సీసా మూత తిప్పడం తప్ప వాడికి వచ్చిన వంట లేదు. అయినా తోటివాళ్లలో వంటగాడని పేరు కొట్టేయాలని ఒకటే యావ.

పక్క లారీ లెషెక్ వచ్చి గరిటెడు తాగాడు.

"అదిరిందిరా! ఎవరు చేశారు?"

"ఇంకెవరు? నేనే. పొద్దున్నే లేచి పిండి కలిపా."

"పొద్దున్నా? అది పులవడానికి అయిదు రోజులు పట్టదట్రా?"

"నా చెయ్యి అలాంటిది."

లెషెక్ విరగబడి నవ్వి అందర్నీ కేకేశాడు. "రండ్రోయ్! పొద్దున కలిపి మధ్యాహ్నానికి పులియబెట్టే మొనగాడు దొరికాడు!"

నలుగురూ చేరి చారంతా తాగేశారు. "మీ ఆవిడకి మా దండాలు చెప్పరా" అన్నారు.

వాడికి సిగ్గేస్తేగా! "సీసాలు మోసుకొచ్చింది నేనే కదా" అని గొణిగాడు.

మోయడమే వంటైతే గాడిదకీ గరిటె ఇవ్వాలి.