ఎర్రావుకు మింగించిన టైఫాయిడ్ మాత్రలు

1979 వేసవి. అనంతపురం జిల్లా కుందుర్పి దగ్గర ఒక పల్లె పశువైద్యశాలలో నేను డాక్టరుగా చేరి రెండేళ్లయింది. వానల్లేక, మేత దొరక్క జనం పశువులను సంతకు తోలేస్తున్నారు. కూలికి పోయే సుంకమ్మ మాత్రం తన ఎర్రావును అమ్మలేదు. అది జ్వరంతో ఎగపోస్తోందని కబురొస్తే వెళ్లాను. న్యుమోనియా, అంటే ఊపిరితిత్తుల వాపు.

"ఏమైనా మందు పెట్టినావా?"

"నాలుగు దినాల నుంచి గొట్టం మాత్రలు మింగిస్తాండా సార్."

తెచ్చి చూపించింది. క్లోరాంఫెనికాల్ క్యాప్సూళ్లు. ఆమె టైఫాయిడ్‌కు కళ్యాణదుర్గంలో రాసిచ్చినవి.

"ఇవి నీకిచ్చినవి కదమ్మా. నువ్వు వేసుకోలేదా?"

"నాకు కొంచెం తగ్గింది. దీనికే ఎక్కువైంది. మనిషికి పనిచేసేది గొడ్డుకు పనిచేయదా?"

మన పొట్టలోని పులుపు రసాన్ని తట్టుకుని ఈ మందు పేగుల్లోంచి రక్తంలో కలుస్తుంది. ఆవుకు ముందు రూమెన్ అనే పెద్ద సంచి ఉంటుంది. అందులో పులుపు తక్కువ. గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు లెక్కలేనన్ని. అవి ఈ మందును అక్కడే విరగ్గొట్టేస్తాయి. రక్తానికి అందేది దాదాపు ఉండదు. ఇదంతా ఆమెకు తేలిక మాటల్లో చెప్పాను.

"అంటే ఇద్దరికీ లేకుండా చేసినానా?" అంది.

సూదిమందు మొదలుపెట్టి, ఆవును అమ్మకుండా ఎందుకు ఉంచుకున్నావని అడిగాను.

"మా ఆయన బెంగళూరికి ఇండ్లు కట్టే పనికి పోయి మూడేండ్లాయ. అప్పుడిది దూడ. పొయ్యేటప్పుడు దీని మెడ పట్టుకోని ఏడ్చినాడు, నన్ను పట్టుకోని కాదు. వచ్చి ఇది యాడ అని అడిగితే ఏం చెప్పేది?"

మూడో రోజుకు సుంకమ్మకే జ్వరం తిరగబెట్టింది. పక్కింటావిడను తోడిచ్చి బస్సులో ఆస్పత్రికి పంపాను. ఆవుకు సూదులు నేనే వేశాను. ఐదో రోజు అది లేచి నీళ్లు తాగింది. మూడు వారాలకు సుంకమ్మ తిరిగొచ్చింది, జుట్టంతా రాలిపోయి. ఆవు పక్కన కూర్చుని దాని మెడ కింది గంగడోలు నిమిరింది.

మరుసటేడు నాకు బదిలీ అయింది. చెప్పి వద్దామని వెళితే ఆవు ఈని ఉంది. సుంకమ్మ భర్త మాత్రం ఇంకా రాలేదు.

"బెంగళూరికి పోతే ఆయప్పకు చెప్పండి సార్, ఆవు బతికే ఉండాదని."

అప్పటినుంచి గొడ్డును ముట్టుకునే ముందు, ఏ మందు పెట్టారు, అది ఎవరికి రాసిచ్చిందని అడుగుతాను. యజమాని ముఖం కూడా ఒకసారి చూస్తాను. మందు ఏ కడుపులో ఏమవుతుందో కాలేజీలో చదివాను. మనుషులు తమ మందును గొడ్డు నోట్లో ఎందుకు వేస్తారో ఆ ఇంట్లోనే తెలిసింది.

బెంగళూరికి ఎన్నోసార్లు వెళ్లాను. ఇళ్లు కడుతున్న చోటల్లా ఆగి, అనంతపురం వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగేవాణ్ణి. అతను మాత్రం దొరకలేదు.