కిటికీ లేని పురిటి గది

నిన్న రోడ్డు పక్కన మొక్కజొన్న కంకులు కాలుస్తుంటే, ఆ బొగ్గుల వాసనకు కాళ్లు ఆగిపోయాయి. మన ఈడు వాళ్లకు పురిటి గది గుర్తుండే ఉంటుంది. కోట ఊళ్లో మా ఇంటి వంటగది వెనక ఉండేది. బాలింతకు గాలి, దిష్టి తగలకూడదని దానికి కిటికీ పెట్టలేదు.

అరవైల్లో మాట. నాకు ఎనిమిదేళ్లు. అక్క కాన్పయిన మూడో రోజు, ముసురు పట్టిన మధ్యాహ్నం, అవ్వ నిప్పుల కుంపటి లోపల పెట్టి తలుపు మూసింది.

"తలుపు తీయబాకమ్మే, బిడ్డకు గాలి సోకుద్ది" అని నన్ను గడప దగ్గర కూర్చోబెట్టింది.

కాసేపు బిడ్డ ఏడుపు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. "అక్కా" అని పిలిచాను. పలకలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. అవ్వ మాటకు భయపడి ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.

చివరికి అమ్మను పిలిస్తే, వచ్చి తలుపు తోసింది. పొగ ముఖాన కొట్టింది. వాకిట్లో పడుకోబెట్టాక అక్క కళ్లు తెరిచింది. బిడ్డ తెరవలేదు.

 మర్నాడు అవ్వే గడ్డపార తెచ్చి ఆ గది గోడను పొడవడం మొదలుపెట్టింది. అమ్మ ఆపబోతే, "పోనీ అమ్మా, గాలి రానీ" అంది.