డొంకకు అడ్డం పాతిన బండలు

దయ్యాలను నేను నమ్మను. ఈ సంగతి జరిగాక కూడా నమ్మలేదు. కళ్ళారా చూసినదాన్ని, ఒకరు చెప్పగా విన్నదాన్ని డైరీలో వేరువేరుగా రాసుకునే అలవాటు నాది. ఇక్కడ రాస్తున్నదంతా చూసినదే.

దాచేపల్లి అవతల, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో నేను సోషల్ టీచర్ని. మా బడి పల్లంలో ఉంది. ఎత్తయిన చోటంటే బడి వెనక గుట్ట ఒక్కటే. దాని మీదికి పూర్వం నుంచీ ఎడ్లబండ్లు నడిచిన డొంక ఉంది. పక్క పొలం ఆసామి ఆ డొంకను తన చేలో కలిపేసుకుని, అడ్డంగా నాపరాతి బండలను నిలువునా పాతించి, మొదళ్ళకు సిమెంటు పోయించాడు. సందులో మేకపిల్ల కూడా దూరదు. వరదొస్తే పిల్లల్ని ఎటు తీసుకువెళ్ళాలని మండలాఫీసులో అర్జీ మీద అర్జీ పెట్టాను. జవాబు లేదు.

కిందటి వానాకాలం, పిల్లలు మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్న వేళ ఫోను వచ్చింది. పై ప్రాజెక్టు గేట్లు ఎత్తారట. వెంటనే బడి ఖాళీ చేసి గుట్ట ఎక్కాలట. ఆ ఆజ్ఞ ఇచ్చినది నా అర్జీలను మూలన పడేసిన ఆఫీసే!

అప్పటికే రోడ్డు మీద వాగు పొంగింది. ఇక మిగిలినది డొంకే. పిల్లల చేత చేతులు పట్టించి, వానలో బయలుదేరదీశాను. అన్నం వండే మస్తాన్‌బీ గునపం భుజాన వేసుకుంది.

"దాంతో ఏం చేస్తావు?" అన్నాను.

"బండలు పగిల్తే బండలు, లేకుంటే ఆసామి తలకాయ. ఏదోటి పగలాల గదా టీచరమ్మా!"

ఆ గునపంతో పనే పడలేదు. బండలన్నీ గుట్ట వైపుకు వెల్లకిలా పడుకుని ఉన్నాయి, అంచుకు అంచు ఆనించి పరిచినట్టుగా. పొద్దున ప్రార్థన చేయిస్తూ చూసినప్పుడు అవి నిలబడే ఉన్నాయి. ట్రాక్టరు చక్రాల జాడ లేదు. సిమెంటు ఎక్కడా పెచ్చు కూడా ఊడలేదు.

ముందు నడుస్తున్న మూడో తరగతి పిల్ల అడుగు వేసి ఆగింది. "టీచర్, బండలు ఏంది ఇంత వెచ్చగున్నయ్? పొయ్యిగట్టు మాదిరి!"

చెప్పు విడిచి నేనూ పాదం మోపాను. అంత వానలోనూ అవి వెచ్చగానే ఉన్నాయి. ఆలోచించే వ్యవధి లేదు. అందరినీ దాటించాను. గుట్ట మీది నుంచి చూస్తుండగానే నీళ్ళు తరగతి గదుల కిటికీలు ముంచేశాయి.

మర్నాడు వరద తీశాక దిగి వచ్చాము. బండలు నిలబడి ఉన్నాయి. మొదట్లో అదే సిమెంటు, దాని మీద అదే పాత నాచు. బడి వైపున్న ముఖాల మీద మాత్రం, కింది నుంచి పై అంచు దాకా, పిల్లల బురద పాదాల ముద్రలు, వేళ్ళు ఆకాశం వైపుకు. వాటి మధ్య నా పాదం ఒకటి.

ఊరంతా అమ్మవారి మహిమ అంటూ టెంకాయలు కొట్టింది. ఆసామి మాత్రం నవ్వాడు. "నా బండలు నిలబడే ఉన్నయ్ గదా టీచరమ్మా. ఎగిరిపోయారా ఏంది మీరంతా?" ఆ సాయంత్రమే వాటికి సున్నం కొట్టించాడు. నమ్మని మనిషికి అంత తొందర దేనికి?

తరువాత నా అర్జీ మీద విచారణకు సర్వేయరు వచ్చాడు. పిల్లలందరూ ఈ దారినే గుట్ట ఎక్కారా అని అడిగాడు. ఎక్కారన్నాను. ఎవరికైనా దెబ్బ తగిలిందా? లేదన్నాను. అబద్ధం ఎలా చెప్పను? బండలు ఎదురుగా కనిపిస్తున్నా, దారికి ఆటంకం లేదని రాసి, నా అర్జీని మూసేశాడు.

బండలు ఎలా పడుకున్నాయో నాకు తెలియదు. ఇన్నాళ్ళు ఆలోచించినా అంతు చిక్కలేదు. పడుకోగలిగినవి మళ్ళీ ఎందుకు లేచాయన్నదే నా కోపం. అడ్డం తీయవలసింది మనుషులేనని చెప్పడానికా? ఆ మనుషులకు నేను చెప్పి చూశాను.

ఈ ఏడూ వానలు మొదలయ్యాయి. పొద్దున ప్రార్థనలో పిల్లలందరూ కళ్ళు మూసుకుంటారు. నేను మూసుకోను, డొంక వైపే చూస్తుంటాను. బండలు తెల్లగా, నిటారుగా నిలబడే ఉన్నాయి.