పారాగడ్డికి వేసిన మురుగెరువు

కోవూరు మడి గురించి నేను పంపిన రిపోర్టులో ఒక విషయం రాయలేదు. ఆ మడి గడ్డి మేసిన గేదెల పాలు మొదట మానేసిన ఇల్లు నాదే.

1959లో నన్ను కోవూరుకు వ్యవసాయ డెమాన్‌స్ట్రేటరుగా వేశారు. రైతు పొలంలోనే మడి వేసి కొత్త పద్ధతి చూపించడం మా పని. ఆ ఏడు మురుగెరువు వాడించమని పైనుంచి ఆదేశం వచ్చింది. పట్టణంలోని మరుగుదొడ్ల మలాన్నీ, కాల్వల పూడికనూ చెత్తతో కలిపి గోతుల్లో మాగబెట్టి ఎండబెట్టినది అది. బండి బాడుగ కలిపినా అమోనియం సల్ఫేటు ఖర్చులో సగం కూడా కాదు. వరికి వేయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అయిదు గేదెలున్న రమణయ్య మాత్రం మేతకు పెంచే పారాగడ్డికి వేస్తానన్నాడు. రెండో కోతకే గడ్డి నడుము దాటింది. తవుడు కొనడం తగ్గింది, పాలు పెరిగాయి. కాగితం మీద ఎటు చూసినా లాభమే.

అతని భార్య కోటమ్మ ఆ పాలు పెన్న దాటి నెల్లూరులో మా వీధికి తెచ్చి పోసేది. ఒకరోజు భోజనం దగ్గర ఆ ఎరువు సంగతి నేనే గొప్పగా చెప్పాను. మా ఆవిడ మజ్జిగ గిన్నె పక్కకు జరిపి, "ఆ గడ్డి మేసిన గేదె పాలా నేను దేవుడికి పెడుతున్నది?" అంది. మాగిన ఎరువులో దోషం లేదని రైతులకు రోజూ చెప్పే మాట ఇంట్లో చెప్పలేకపోయాను. మర్నాడు కోటమ్మతో, పిల్లకు పాలు పడటం లేదు, డాక్టరు వద్దన్నాడు అన్నాను. అసలు కారణం మా ఆవిడ పక్కింట్లో చెప్పింది. నెల తిరిగేసరికి వీధంతా మానేసింది. కోటమ్మతో మాత్రం ఒకరు కోడలు పుట్టింటికి పోయిందన్నారు, ఇంకొకరు సొంత గేదెను కొన్నామన్నారు.

రమణయ్య భార్యను అనుమానించాడు. చెంబుతో పాలు పట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

"ఇది నీళ్ళు కలపతా ఉండాది సార్. లేకుంటే అన్ని ఇళ్ళూ ఒకేపారి ఎందుకు మానుకుంటాయి? మీ గొట్టం పెట్టి చూడండి."

"చూడండి సార్. పెన్న నీళ్ళన్నీ నేనే పోసినానంట," అంది కోటమ్మ.

పాల చిక్కదనం చూసే ల్యాక్టోమీటరును పశువుల ఆస్పత్రి నుంచి తెప్పించి ముంచాను. చుక్క నీరు లేదు. ఆ మాట చెప్పాను. "మరెందుకు సార్?" అన్నాడు. నాకేం తెలుసన్నాను. "అట్లయితే దారిలో కలపతా ఉంటాది," అనుకుంటూ చెంబు తీసుకుని వెళ్ళాడు.

గేదెలు ఒక్కొక్కటే సంతకు పోయాయి. 'వినియోగదారుల మూఢనమ్మకం వల్ల ప్రయోగం నిలిచినది' అని రిపోర్టు రాశాను. పైవాళ్ళు ఏమీ అడగలేదు.

ఎరువు లాభనష్టాలు కట్టేటప్పుడు బాడుగ, కూలి, దిగుబడి చూశాను. ఆ పాలు మా ఇంట్లో తాగుతామా అన్నది చూడలేదు. అది ముందే చూసుకోవాలి. చూసుకోకపోతే, అడ్డం వచ్చిననాడైనా కారణం రైతుకు చెప్పాలి. ఇంతే నేర్చుకున్నాను, అదీ ఆలస్యంగా.

1968లో రిటైరయ్యాక కొడవలూరు వెళ్ళాను. వాళ్ళిద్దరూ అక్కడ ఒకరి పొలంలో కూలి చేస్తున్నారు. జరిగింది చెప్పాను.

"ఆ పొద్దే చెప్పుంటే మడి దున్నేసి గేదెలకి ఎండుగడ్డే వేసుకుందును గదా సార్," అన్నాడు రమణయ్య, భార్య వైపు చూడకుండా.

"ఇన్నేళ్ళూ నీళ్ళ కోటమ్మా అనే పిలిచినాడు సార్ ఈయన," అంది ఆమె.

నేను ఆమెకు చేతులు జోడించాను. "ఏ డాక్టరూ వద్దనలేదమ్మా. మాన్పించింది నేను. నిన్ను నా ఎదుటే దొంగను చేస్తుంటే తెలిసీ నోరు విప్పలేదు. నన్ను క్షమించు," అన్నాను.